కొత్త తొట్టిలో సముద్రపు చేపలు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలం. పన్నెండేళ్లుగా వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. పిల్లలు సరదా పడ్డారని మొన్న వరదల రోజుల్లో ఇంట్లో 200 లీటర్ల గాజుతొట్టి పెట్టించాను. పేరుపాలెం బీచ్ నుంచి డ్రమ్ముల్లో నీళ్లు తెచ్చి నింపాను. మూడో రోజున రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ టాంగ్, ఒక బటర్‌ఫ్లై చేప కొని వేశాం. ఐదో రోజుకు నీళ్లు మసకబారాయి. ఫిల్టర్ స్పాంజ్ కుళాయి కింద బాగా పిండి కడిగాను, చెరువులో అమోనియా తగ్గడానికి తెచ్చిన జియోలైట్ పొడి కొంత వేశాను. ఏడో రోజుకు టాంగ్ ఒంటి నిండా తెల్లమచ్చలు. దుకాణం వాళ్లు ఇచ్చిన నీలం మందు తొట్టిలోనే పోశాను. తొమ్మిదో రోజుకు ఒక్క క్లౌన్ మిగిలింది. ల్యాబ్‌లో చూపిస్తే అమోనియా 1.5, నైట్రైట్ 0.8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 8.2, సెలినిటీ (నీటిలో ఉప్పు) 22 పీపీటీ (లీటరుకు గ్రాములు) అన్నారు. నీళ్లు సముద్రానివే కదా, తప్పెక్కడ జరిగింది? ఈ తెల్లమచ్చ నా చెరువులకు పాకుతుందా? మిగిలిన చేపనైనా బతికించుకోవడం ఎలా?
– ఒక రొయ్యల రైతు

జవాబు: ముందు చెరువుల సంగతి చెబుతాను, మీ టెన్షన్ అసలు దాని గురించే అని తెలుస్తూనే ఉంది. రొయ్యకు వచ్చే తెల్లమచ్చ వైరస్ జబ్బు. మీ టాంగ్ ఒంటి మీద కనిపించింది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి. పేరు ఒకటే గానీ జబ్బులు వేరు. ఇది రొయ్యకు అంటదు. అయినా తొట్టి నీళ్లు కాల్వలోకి గానీ చెరువు గట్టు వైపు గానీ పారబోయకండి. అందులో మందు కూడా ఉంది. తొట్టిలో వాడిన చేతి వల, బకెట్ చెరువు దగ్గరికి పోనివ్వకండి.

ఇక మిగిలిన క్లౌన్. ఈ ఉత్తరం చదివిన రోజే దాన్ని తొట్టిలోంచి తీసేయండి. 60–70 లీటర్లు పట్టే కొత్త ప్లాస్టిక్ టబ్బు తెచ్చి, తొట్టిలో ఉన్న సెలినిటీ, వేడి ఉండేలా శుభ్రమైన ఉప్పునీళ్లు నింపండి. ఒక ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి), ఒక స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి చిన్న పీవీసీ పైపు ముక్క చాలు. అడుగున ఇసుక, గవ్వలు ఏమీ వద్దు. మొదటి రెండు రోజులు మేత వేయకండి, ఆకలితో చేప చావదు. మచ్చలు పోగొట్టడానికి మీకు మందు కూడా అక్కర్లేదు, మీ చేతిలో ఉన్న, సెలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటరే మందు. రోజూ కొంచెం కొంచెంగా ఆర్‌ఓ నీళ్లు కలుపుతూ రెండు రోజుల్లో సెలినిటీని 22 నుంచి 15కు దించండి. చేప దీన్ని తట్టుకుంటుంది, ఈ పరాన్నజీవిలో చాలా రకాలు తట్టుకోలేవు. చివరి మచ్చ పోయిన తర్వాత నాలుగు వారాలు అలాగే ఉంచాలి. మచ్చ కనిపించడం లేదని మధ్యలో ఆపితే మొదటికొస్తుంది. ఎందుకంటే ఆ పురుగు చేప ఒంటి మీద నాలుగైదు రోజులే ఉంటుంది. తర్వాత అడుగుకు దిగి గూడు కట్టుకుని, కొన్ని రోజులకో వారాలకో వందల కొద్దీ పిల్లలుగా పగిలి మళ్లీ చేపను వెతుక్కుంటుంది.

నాలుగు వారాలు అయ్యాక సెలినిటీని పెంచేటప్పుడు మాత్రం రోజుకు ఒకటి, మహా అయితే రెండు పీపీటీ కంటే ఎక్కకూడదు. దించడం తేలిక, ఎక్కించడం కష్టం. చాలామంది ఇది తలకిందులుగా అనుకుంటారు. టబ్బులో ఫిల్టర్ ఇంకా కొత్తదే కాబట్టి మొదటి రెండు మూడు వారాలు రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల సెలినిటీ టబ్బులో నీళ్లతో సమానంగా ఉండాలి.

ఇప్పుడు తప్పెక్కడ జరిగిందో చూద్దాం. మీరు పన్నెండేళ్ల రైతు గనుక మిమ్మల్నే ఒక మాట అడుగుతాను. చెరువుకు నీళ్లు పెట్టిన మూడో రోజున సీడ్ (రొయ్య పిల్లలు) దింపుతారా? దింపరు. నీళ్లకు రంగు రావాలి, ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కట్టాలి అని ఆగుతారు. గాజుతొట్టి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తళతళ మెరుస్తుంటే అదే మంచి నీరు అనిపించింది. చెరువులో రొయ్య విసర్జించిన అమోనియాలో చాలా భాగాన్ని రంగు తెప్పించే ఆల్గే తినేస్తుంది. తొట్టిలో ఆ రంగు ఉండదు, కాబట్టి ఆ పని చేయాల్సింది ఫిల్టర్ లోపల, గాజు మీద, రాళ్ల మీద పాకుడులా పట్టే బ్యాక్టీరియా. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ తొట్టి వయసు తొమ్మిది రోజులు.

అందులోనూ మీరు స్పాంజ్‌ను కుళాయి కింద కడిగారు. అప్పుడే పుడుతున్న ఆ కాస్త బ్యాక్టీరియా క్లోరిన్ నీళ్లకు పోయింది. స్పాంజ్ కడగాలంటే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి వదిలేయాలి. మసకబారడం కొత్త తొట్టిలో మామూలే, నాలుగు రోజులు ఊరుకుంటే అదే పోతుంది.

1.5 పీపీఎం అమోనియా వనామీ చెరువులో చూస్తే మీరు జాగ్రత్త పడతారే తప్ప గుండెలు బాదుకోరు. పగడపు దిబ్బల చేపలకు మాత్రం అది విషం. ల్యాబ్ వాళ్లు చెప్పేది మొత్తం అమోనియా. దానిలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 7.2 దగ్గర అది ఒక శాతం లోపే. 8.2 దగ్గర, మన వేడికి, ఏడెనిమిది శాతం. అంటే మీ తొట్టిలో 0.1 పీపీఎం పైనే అసలు విషం తిరుగుతోంది. 0.05 దాటితే చాలు, ఈ చేపల మొప్పలు దెబ్బతింటాయి. మంచినీటి చేపలు పెంచిన వాళ్లు సముద్రపు చేపలకు వచ్చి మొదటి నెలలోనే నష్టపోయేది ఇక్కడే, ఎందుకంటే ఉప్పునీటి తొట్టికి 8.1–8.4 పీహెచ్ తప్పనిసరి. నైట్రైట్ 0.8 గురించి దిగులు వద్దు. ఉప్పునీటిలో ఉండే క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి పోనివ్వదు. పైగా నైట్రైట్ కనిపించిందంటే మొదటి రకం బ్యాక్టీరియా పని మొదలుపెట్టిందన్న మాట.

జియోలైట్ సంగతి. ఉప్పునీటిలో అది అమోనియాను దాదాపు పట్టదు. జియోలైట్‌లో అమోనియా కూర్చోవాల్సిన చోటును సోడియం ఆక్రమించేస్తుంది. ఎక్కువ సెలినిటీ ఉన్న చెరువులకు కూడా ఇదే వర్తిస్తుంది. మీ ఖర్చుల పుస్తకంలో ఆ పద్దు ఒకసారి చూసుకోండి, ఇది అడగకుండా ఇచ్చిన సలహా.

మరో లెక్క. ఎకరం చెరువులో ఐదడుగుల నీళ్లంటే సుమారు 60 లక్షల లీటర్లు. మీ తొట్టి 200 లీటర్లు. ముప్పై వేల రెట్లు తేడా. చెరువులో ఎవరూ గమనించని పిడికెడు మేత తొట్టిలో ప్రళయం. రాత్రి కనపడకుండా రాయి వెనక చచ్చిన ఒక్క చేప తెల్లారేసరికి మిగతా వాటిని తీసుకుపోగలదు.

నీళ్లు సముద్రానివే, నిజమే. కానీ గోదావరికి వరద ఉన్నప్పుడు మన తీరంలో సముద్రం సగం నది. అందుకే మీకు 22 వచ్చింది. పగడపు చేపలకు కావాల్సింది 33–35. వనామీ 5లోనూ పెరుగుతుంది, 35లోనూ పెరుగుతుంది. ఆ మొండితనం వీటికి లేదు. అంతకంటే ముఖ్యం, దుకాణం తొట్టిలో సెలినిటీ ఎంతో మీరు అడిగినట్టు లేదు. అక్కడ 30 ఉండి ఇక్కడ 22లోకి ఒక్కసారిగా వచ్చాయంటే అది ఒక దెబ్బ. ఒడ్డున పట్టిన నీళ్లలో ఒండ్రు, ప్లాంక్టన్ ఉంటాయి. డ్రమ్ములో అవి చచ్చి కుళ్లి అమోనియా ఇస్తాయి. సముద్రపు నీళ్లే వాడతానంటే ఫిబ్రవరి–మే మధ్య పోటు మీద పట్టండి. 10 పీపీఎం క్లోరిన్ పట్టించి రెండు మూడు రోజులు గాలి కొట్టించి, హైపో (సోడియం థయోసల్ఫేట్)తో విరిచి, క్లోరిన్ మిగల్లేదని చుక్కల మందుతో పరీక్షించాకే వాడండి. మీరు రిజర్వాయరుకు చేసే పనే ఇది. నన్నడిగితే ఇంటి తొట్టికి ప్యాకెట్ సముద్రపు ఉప్పు, ఆర్‌ఓ నీళ్లే నయం. 200 లీటర్లకు సుమారు ఏడు కిలోలు పడుతుంది. ఉప్పు మడుల రాళ్ల ఉప్పు మాత్రం వద్దు. దానిలో కాల్షియం, మెగ్నీషియం, క్షారత చేపకు కావాల్సిన పాళ్లలో ఉండవు.

నీలం మందు ఏమిటో డబ్బా మీద చూడండి. మిథిలీన్ బ్లూ అయితే అది ఫిల్టర్ బ్యాక్టీరియాను చంపుతుంది. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ అయితే అది గవ్వల్లోకీ ఇసుకలోకీ ఇంకిపోయి తర్వాత కొంచెం కొంచెంగా ఊరుతుంది. రేపు ఆ తొట్టిలో అందానికి ఒక సముద్రపు రొయ్యను వేసినా బతకదు. తెల్లమచ్చకు కాపర్ మంచి మందే. కానీ వేరే టబ్బులో, 0.15–0.20 పీపీఎం దాటకుండా, రోజూ కిట్‌తో కొలుస్తూ మూడు వారాలకు పైగా ఇవ్వాలి. మూతతో కొలిచి పోసేది కాదు.

అందుకే ఈ తొట్టికి పంట విరామం ఇవ్వండి. నీళ్లు తోడేసి, ఇసుక, గవ్వలు, స్పాంజ్ పారేసి, గాజును పలచటి బ్లీచింగ్‌తో కడిగి, వారం పాటు నీడపట్టున పూర్తిగా ఆరనివ్వండి. చెరువు ఎండగట్టినట్టే. తడి లేకపోతే పురుగు గూళ్లు చస్తాయి. తొట్టి ఖాళీ చేయలేని వాళ్లయితే అందులో చేప లేకుండా రెండున్నర నెలలు నడపాలి.

తర్వాత 33–35 పీపీటీ నీళ్లు నింపి, ఫిల్టర్‌లో సిరామిక్ రింగులు పెట్టి, చేప లేకుండా నడపండి. బ్యాక్టీరియాకు మేతగా ల్యాబుల్లో దొరికే స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ 1.25 గ్రాములు వేస్తే 200 లీటర్లకు 2 పీపీఎం అమోనియా వస్తుంది. అది దొరక్కపోతే ఒక పచ్చి రొయ్యను గుడ్డలో కట్టి వదలండి, వాసన వస్తుంది, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. వారానికి రెండుసార్లు పరీక్ష చేయించండి. అమోనియా ఎక్కి దిగుతుంది, దాని వెనకే నైట్రైట్ ఎక్కి దిగుతుంది. చివరికి 2 పీపీఎం వేసిన ఇరవై నాలుగు గంటల్లో రెండూ సున్నాకు వస్తే తొట్టి తయారైనట్టు. క్లౌన్‌కు టబ్బులో చికిత్స అయ్యే కాలం, దీనికి పట్టే కాలం దాదాపు సమానం. సగం నీళ్లు మార్చి దాన్ని తెచ్చుకోండి.

రోజువారీ సంగతుల్లో రెండు చాలు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. మే నెలలో చెరువు సెలినిటీ ఎందుకు ఎక్కుతుందో మీకు తెలుసు. కాబట్టి తగ్గిన మట్టం వరకు ఆర్‌ఓ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. రెండోది వేడి. 25–28 డిగ్రీలు కావాలి. వేసవిలో నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అది చాలకపోతే చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) తప్పదు, కొనే ముందే ఆ ఖర్చు లెక్కేసుకోండి. ఉప్పు పెరిగినా వేడి పెరిగినా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. మీ దగ్గర కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి బ్యాటరీ ఏరేటర్ ఒకటి ఉంచండి.

బ్లూ టాంగ్ అడుగు పొడవు పెరిగే చేప, 200 లీటర్లు దానికి అగ్గిపెట్టె. బటర్‌ఫ్లై చేపల్లో చాలా రకాలు పగడాలను కట్టే చిన్న జీవులనే (పాలిప్‌లు) తింటాయి, మేత ముట్టవు. మీకు అవి అమ్మకుండా ఉండాల్సింది. ఆ దుకాణంలో సముద్రపు గుర్రాలు, పగడపు ముక్కలు చూపిస్తే చేయి పెట్టకండి, వాటికి వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది. క్లౌన్‌కు తోడుగా సీ ఎనిమోన్ కొనమంటారు, అదీ వద్దు. అది చేప కంటే సున్నితం, అది లేకుండానే క్లౌన్ హాయిగా బతుకుతుంది.

హ్యాచరీలో పుట్టిన చేపనే అడగండి. సముద్రంలో పట్టిన తల్లి రొయ్యకూ ఎస్‌పీఎఫ్ (నిర్దిష్ట రోగక్రిములు లేని) తల్లి రొయ్యకూ తేడా మీకు చెప్పక్కర్లేదు. క్లౌన్ చేపల హ్యాచరీ పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ఎప్పుడో తయారుచేసింది, విశాఖలో ఆ సంస్థ కేంద్రం ఉంది, అడిగి చూడండి. కొన్న చేప రాత్రంతా కవర్లో ప్రయాణించి వస్తే, సీడ్‌కు చేసినట్టు కవర్ విప్పి గంటల తరబడి నీళ్లు కలపకండి. కవర్లో కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి అమోనియా విషం లేకుండా ఉంటుంది. విప్పగానే పీహెచ్ ఎక్కి అదంతా విషమవుతుంది. టబ్బు సెలినిటీని ముందే అమ్మిన వాళ్ల సెలినిటీకి సరిచేసి, మూతి కట్టిన కవర్‌ను ఇరవై నిమిషాలు తేలేసి, విప్పిన వెంటనే చేపను మాత్రమే వదలండి. కవర్ నీళ్లు బయట పారబోయండి. నెల రోజులు టబ్బులో ఉంచాకే తొట్టిలోకి.

తోడు చేపను ఎంచేటప్పుడు మీ దగ్గర మిగిలిన క్లౌన్ కంటే చిన్నదాన్ని తీసుకోండి. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే, పెద్దది ఆడదిగా మారుతుంది, చిన్నది మగగానే ఉండిపోతుంది. సమానమైనవి వేస్తే కొట్టుకుంటాయి.