పాత ఫోన్‌ని జైల్‌బ్రేక్ చేసినా, వేరే ఓఎస్ వేసినా కేసు అవుతుందా?

ప్రశ్న: నా దగ్గర ఒక ఐఫోన్ ఎక్స్, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయండి. రెండిటికీ కొత్త వెర్షన్లు రావడం ఆగిపోయింది కానీ రెండూ బానే పనిచేస్తున్నాయి. ఐఫోన్‌ని జైల్‌బ్రేక్ చేసి (అంటే ఆపిల్ పెట్టిన ఆంక్షలు తీసేసి) ట్వీక్స్ అనే చిన్న మార్పుల ప్రోగ్రామ్‌లు వేసుకుందామని, ఆండ్రాయిడ్‌లో లీనియేజ్ ఓఎస్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామని ఉంది. అది హ్యాకింగ్, కంపెనీ కేసు పెడితే జైలే అని ఒక ఫ్రెండ్ భయపెడుతున్నాడు. ఇంకొంతమంది ఏమో మా ఫోన్లు కూడా చేసిపెట్టు, డబ్బులిస్తాం అంటున్నారు. చెయ్యొచ్చా? తర్వాత అమ్మితే ఏమైనా ఇబ్బందా?

జవాబు: ముందు జైలు సంగతి తేల్చేద్దాం. మీ సొంత ఫోన్‌ని మీ సొంత వాడకం కోసం మార్చుకోవడం భారత చట్టంలో నేరం కాదనే నా అభిప్రాయం, అది ఎందుకో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ కారణం తెలిస్తే ఎక్కడ ఆగాలో కూడా మీకే తెలిసిపోతుంది.

కాపీరైట్ చట్టం 1957 నాటిది, దానికి 2012లో చేసిన సవరణతో 65ఏ అనే సెక్షన్ వచ్చింది. టెక్నికల్‌గా వేసిన తాళాన్ని తప్పించుకుంటే రెండేళ్ళ దాకా జైలు, ఫైన్ అని అందులో ఉంది, మీ ఫ్రెండ్ విన్నది బహుశా ఇదే. కానీ సెక్షన్ మొత్తం చదవాలండి. ఆ తాళం కాపీరైట్ హక్కుల్ని కాపాడటానికి వేసినదై ఉండాలి, దాన్ని తప్పించే మనిషికి ఆ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి, రెండూ ఉంటేనే నేరం. కంట్రోల్ సెంటర్ మార్చుకోవడానికో, పాత ఫోన్ కాస్త చురుగ్గా నడవడానికో జైల్‌బ్రేక్ చేసేవాడికి ఆ ఉద్దేశం ఎక్కడుంది? పైగా సెక్షన్ 52 మీకు అండగా ఉంది. చట్టబద్ధంగా తెచ్చుకున్న ప్రోగ్రామ్ కాపీని సొంతానికి, వ్యాపారం కాని వాడకం కోసం కాపీ చేసుకున్నా, మార్చుకున్నా ఉల్లంఘన కాదని అందులో స్పష్టంగా రాసి ఉంది, ఒక ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో గమనించి పరీక్షించి చూడటానికి కూడా అనుమతి ఉంది.

అసలీ భయం చాలావరకు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టంలో ఉద్దేశంతో పని లేకుండా తాళం తప్పించడమే తప్పు, అందుకే విడిగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఫోన్ జైల్‌బ్రేక్‌కి 2010 జూలైలో మొదటిసారి ఇచ్చారు, 2012లో ఫోన్లకి కొనసాగించి ట్యాబ్లెట్లకి మాత్రం కాదన్నారు, 2015లో ట్యాబ్లెట్లకీ ఇచ్చారు. మూడేళ్ళకోసారి దీన్ని మళ్ళీ పరిశీలిస్తారు కాబట్టి అక్కడుండే మనవాళ్ళు తాజా జాబితా చూసుకోవడం మంచిది. ఇంకో సంగతి, ఆ మినహాయింపు చేసుకునేవాడికే, టూల్స్ తయారుచేసి పంచేవాళ్ళకి కాదు.

ఇక మీ ఆండ్రాయిడ్ సంగతైతే ఇంకా తేలిక. అన్‌లాక్‌కి అనుమతించే చాలా ఫోన్లలో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసేటప్పుడు ఫోన్ స్క్రీన్ మీదే ఒక హెచ్చరిక వస్తుంది, అన్‌లాక్ చేస్తే డేటా మొత్తం పోతుంది, వారంటీ మీద ప్రభావం ఉండొచ్చు, సరేనా అని, వాల్యూమ్ బటన్‌తో ఎంచుకుని పవర్ బటన్ నొక్కాలి. లాయర్‌గా నాకు ఆ స్క్రీన్ చాలా ముఖ్యం. తాళం తీసే దారి కంపెనీనే పెట్టి, ఒప్పుకుంటున్నారా అని మిమ్మల్ని అడిగి మరీ తీయిస్తోంది, అలాంటప్పుడు మీరేదో దొంగదారిన దూరారని ఎవరూ అనలేరు. ఆ స్క్రీన్‌ని ఒక ఫొటో తీసి పెట్టుకోండి. లీనియేజ్ లాంటివి ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లతో వచ్చేవే కాబట్టి వాటిని వేసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గూగుల్ యాప్స్ మాత్రం ఓపెన్ సోర్స్ కాదు. 2009లో లీనియేజ్‌కి మూలమైన సయనోజెన్‌మాడ్ అనే ఓఎస్‌లో వాటిని కలిపి ఇస్తున్నారని గూగుల్ నోటీసు పంపింది, అప్పట్నుంచీ వాటిని విడి ప్యాకేజీగా ఫ్లాష్ చేసుకునే (ఫోన్‌లోకి ఎక్కించుకునే) పద్ధతి వచ్చింది. అంటే మీరే ఒక కస్టమ్ రామ్ (ఫోన్‌లోకి ఎక్కించే ఓఎస్ ప్యాకేజీ) తయారుచేసి నలుగురికీ ఇచ్చే పనైతే గూగుల్ యాప్స్ అందులో కలపకండి, కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతు అది.

నేరం కాదు అంటే ఏ ఇబ్బందీ లేదని కాదండి. ఫోన్ మీది, లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం లైసెన్స్ మీద మీకిచ్చింది, ఐఓఎస్‌ని అనుమతి లేకుండా మారిస్తే లైసెన్స్ ఒప్పందం ఉల్లంఘించినట్టే అని, అలాంటి ఫోన్‌కి సర్వీస్ నిరాకరించొచ్చని ఆపిల్ రాసే పెట్టింది. ఇది సివిల్ వ్యవహారం, పోలీసులకి సంబంధం లేదు. మీ రెండు ఫోన్లకీ వారంటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది కాబట్టి కొత్తగా పోయేది దాదాపు ఏమీ లేదు.

నాకు నిజంగా దిగులనిపించేది బ్యాంకు విషయం. మీ ఐఫోన్ ఎక్స్‌లో ఉన్నది ఏ11 చిప్, 2019లో బయటపడిన చెక్‌మేట్ (checkm8) అనే భద్రతా లోపం దాని బూట్‌రామ్‌లోనే, అంటే చిప్‌లో శాశ్వతంగా రాసి ఉన్న కోడ్‌లోనే ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పోదు, అందుకే ఇప్పటికీ జైల్‌బ్రేక్ అవుతోంది. కానీ ఈ చిప్ మీద పాలెరెయిన్ లాంటి టూల్‌తో చేస్తే జైల్‌బ్రేక్ మోడ్‌లో ఉన్నంతసేపూ పాస్‌కోడ్ పెట్టుకోలేరు, ఫేస్ ఐడీ ఉండదు. అంటే తాళం లేని ఫోన్. అందులో బ్యాంకు యాప్, ఓటీపీలు వచ్చే సిమ్ పెట్టుకుని తిరిగితే రేపు ఫోన్ ఎవరి చేతిలోనో పడి ఖాతాలో డబ్బు పోయిందనుకోండి, బ్యాంకు మొదట అనే మాట ఇది కస్టమర్ నిర్లక్ష్యం అని. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్‌లో కస్టమర్ తప్పుని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే పెట్టింది, బయటివాళ్ళ మోసమైతే మూడు పనిదినాల్లో చెప్తే నష్టం మీ మీద పడదని కూడా ఉంది, కానీ కస్టమర్ నిర్లక్ష్యం వల్ల పోయినదైతే ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా కస్టమరే భరించాలి. పాస్‌కోడ్ లేని జైల్‌బ్రేక్ ఫోన్‌ని బ్యాంకు వాళ్ళ చేతికి సాక్ష్యంగా మీరే ఇచ్చినట్టవుతుంది. కాబట్టి ట్వీక్స్ ఫోన్ వేరు, డబ్బు ఫోన్ వేరు, ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా పాటించండి, ప్లీజ్. రూట్ చేసిన (ఫోన్ మీద పూర్తి అధికారం తెరిచిన) ఆండ్రాయిడ్‌కి కూడా ఇదే మాట. చాలా బ్యాంకు యాప్‌లు రూట్ ఉందని కనిపెట్టి అసలు తెరుచుకోవు, దాన్ని దాచిపెట్టే మాడ్యూల్ వేసి మరీ తెరిస్తే బ్యాంకు షరతులు తెలిసి తప్పినట్టు అవుతుంది.

నేరం ఎక్కడ మొదలవుతుందో కూడా సూటిగా చెప్తాను. డబ్బు పెట్టి కొనాల్సిన ట్వీక్స్‌ని పైరేటెడ్ రెపోల (డౌన్‌లోడ్ సైట్ల) నుంచి దింపుకోవడం, క్రాక్ చేసిన యాప్స్ వాడటం, వాటిని గ్రూపుల్లో పంచడం, ఇవన్నీ సూటిగా కాపీరైట్ ఉల్లంఘనే, జైల్‌బ్రేక్ చేసింది కూడా దీనికోసమే అని తేలితే ఇందాక చెప్పిన 65ఏ కూడా తగులుకుంటుంది. దొరికిన ఫోన్‌కో, ఎవరో తక్కువకి తెచ్చిన ఫోన్‌కో ఐక్లౌడ్ లాక్ (పాత ఓనరు ఆపిల్ ఐడీతో పడిన తాళం) తీయడం జోలికి అస్సలు పోవద్దు, అది దొంగ సొత్తు అని తేలితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 317 కింద మీరూ ముద్దాయి అవుతారు.

ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్) గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఇరుక్కునేవాళ్ళు దురుద్దేశం ఉన్నవాళ్ళే అవ్వక్కర్లేదు. కొన్ని ఫోన్లలో ఫ్లాష్ చేసేటప్పుడు పొరపాటున ఈఎఫ్‌ఎస్ పార్టిషన్ (ఐఎంఈఐ వివరాలుండే మెమరీ భాగం) చెడిపోతే ఐఎంఈఐ సున్నాలుగా కనిపిస్తుంది, నెట్‌వర్క్ పోతుంది. అప్పుడు కంగారులో ఏదో టూల్ దింపి ఇంకో ఫోన్ ఐఎంఈఐ నంబర్ రాసేస్తారు. కావాలని ఐఎంఈఐ మార్చడాన్ని, చెరపడాన్ని 2017లో వచ్చిన రూల్స్‌తోనే నిషేధించారు, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో మూడేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా ఫైన్ పెట్టారు. అందుకే ఏ పనీ మొదలుపెట్టకముందే ఆ పార్టిషన్ బ్యాకప్ తీసి కంప్యూటర్‌లో పెట్టుకోండి, పోతే మీ ఫోన్‌దే మీరు రీస్టోర్ చేసుకోవచ్చు, బ్యాకప్ లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళండి.

ఇప్పుడు పక్కవాళ్ళ ఫోన్లు. ఫ్రీగా చేసినా డబ్బులకి చేసినా 65ఏలోనే ఒక షరతు ఉంది, చాలామంది గమనించరు. చట్టం నిషేధించని పనికోసం వేరేవాళ్ళకి తాళం తప్పించడంలో సాయం చేసేవాళ్ళు ఆ మనిషి పేరు, అడ్రస్, గుర్తింపు వివరాలు, ఎందుకోసం చేయించుకున్నాడు అన్నది రికార్డు పెట్టుకోవాలి. ఒక నోట్‌బుక్ చాలు, సంతకం కూడా తీసుకోండి, డేటా పోతుందని, ఫోన్ డెడ్ అయ్యే అవకాశం ఉందని చెప్పాను అన్న లైన్ కూడా రాయించండి, ఎందుకంటే డబ్బు తీసుకుంటే వినియోగదారుల చట్టం కింద మీరు సర్వీస్ ఇచ్చినవాళ్ళే అవుతారు. సెక్షన్ 52లో ఉన్న సొంత వాడకం రక్షణ కూడా డబ్బు తీసుకున్నాక మీకు అంత గట్టిగా నిలబడదు. అందుకని దీన్ని వ్యాపారంగా పెట్టుకోమని నేనైతే చెప్పను. ఆఫీసు ఇచ్చిన ఫోన్ తెస్తే మాత్రం నిర్మొహమాటంగా కాదనండి, ఆ ఫోన్ ఓనరు కంపెనీ, ఓనరు అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం, మోసపూరితంగా చేశారంటే సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు. మీ ఫ్రెండ్ అన్న హ్యాకింగ్ ఇదీ, మీ సొంత ఫోన్ కాదు.

అమ్మడం తప్పు కాదు, దాచి అమ్మడమే తప్పు. ఐఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టి పూర్తిగా రీస్టోర్ చేస్తే జైల్‌బ్రేక్ పోతుంది, మీ ఆపిల్ ఐడీ సైన్ అవుట్ చేసి ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో ముందు కంపెనీ ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఆ తర్వాతే బూట్‌లోడర్ లాక్ చేయండి, వరస తప్పితే ఫోన్ లేవకపోవచ్చు. మీది శాంసంగ్ అయితే నాక్స్ అనే భద్రతా ఫ్యూజ్ (ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చారని నమోదయ్యే గుర్తు) ఒకసారి పడితే మళ్ళీ వెనక్కి రాదు, శాంసంగ్ వాలెట్ (ఒకప్పటి శాంసంగ్ పే), సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయవు, అది తెలిసీ ఏమీ మార్చలేదని చెప్పి అమ్మితే న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అనొచ్చు కొన్నవాళ్ళు. ఫలానా మార్పులు చేశాను, ఇవి పనిచేయవు అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపి, వాళ్ళతో సరే అనిపించుకుని, పాత బిల్లు కాపీతో పాటు ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి.