తీర్పు చెప్పే తొందర

అమ్మాయీ,

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ 'కాంటర్‌బరీ కథలు' మీద నీ వ్యాసం అందింది. చాసర్‌ను మూలంలోనే చదివావని తెలుస్తోంది, సంతోషం. కానీ రెండో పేజీలో "సమాజంలోని కుళ్లును కడిగి పారేశాడు" అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను. మన పత్రికల్లో ఏ కవి గురించి ఈ వాక్యం రాయలేదు చెప్పు?

కాంటర్‌బరీ తీర్థయాత్ర వెళ్లడానికి లండన్ పక్కనున్న సదర్క్‌లోని టాబర్డ్ సత్రంలో చేరినవాళ్లను మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండు గుంపులు చేశావు. సన్యాసినుల మఠం పెద్ద మదాం ఎగ్లంటైన్‌ని "కపటి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. చాసర్ ఆ మాట ఎక్కడన్నాడు? తినేటప్పుడు ఆవిడ నోట్లోంచి ముక్క జారదన్నాడు. పై పెదవి ఎంత శుభ్రంగా తుడుచుకుంటుందంటే, తాగిన గిన్నెలో జిడ్డు చుక్క కూడా తేలదన్నాడు. బోనులో పడ్డ ఎలుకను చూసి ఏడుస్తుందన్నాడు. కుక్కపిల్లలకు కాల్చిన మాంసం, పాలు, మేలురకం తెల్లరొట్టె పెడుతుందన్నాడు. అంతే. "బయట పేదలు ఆకలితో అలమటిస్తుంటే" అన్నది నీ సొంత కవిత్వం. అదీ నువ్వే చెప్పేస్తే చదివేవాడికి ఇంకేం మిగిలింది?

వంటవాడి సంగతి చూడు. పాపం, వాడికి మోకాలి కింద పుండుందంటాడు చాసర్. వెంటనే, బ్లాంక్‌మాంజ్ చేయడంలో వాడికి తిరుగులేదంటాడు. ఆ రోజుల్లో అది కోడిమాంసం, బియ్యం, పాలు కలిపి తెల్లగా, చిక్కగా వండే వంటకం. పుండు, ఆ పక్కనే అది! మధ్యలో ఒక్క మాట లేదు. అది చదివిన పూట నాకు పెరుగన్నం దిగలేదు. నువ్వేమో "అపరిశుభ్రతపై విసురు" అని లేబుల్ అంటించావు.

మఠంలో పుస్తకం ముందేసుకుని పిచ్చెక్కించుకోవడం దేనికని సన్యాసి అంటే, "మీరన్నది బాగుందన్నాను" అంటాడు కవి. అలా తలూపడానికి ఎంత నిబ్బరం కావాలి! 1374 నుంచి 12 ఏళ్లు లండన్ రేవులో ఉన్ని సుంకాల లెక్కలు చూసిన మనిషి మరి. ఎదుటివాడు కోతలు కోస్తున్నా ముఖంలో ఏమీ కనపడనివ్వని విద్య అక్కడే అబ్బిందని నా నమ్మకం.

కొత్తలో ఒక వారపత్రికకు రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమాస్తా మీద స్కెచ్ పంపాను. డబ్బు చేత్తో ముట్టుకోడు, సొరుగు మాత్రం కొంచెం తెరిచి ఉంచుతాడు. అక్కడే ఆపాను. అచ్చులో చూస్తే, "ఇలాంటి చీడపురుగులను ఏరి పారేయాలి" అని ఎడిటర్‌గారు ఒక వాక్యం తగిలించారు! అడిగితే, "సందేశం లేకపోతే ఎలాగండీ" అన్నారు. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది, సందేశాలు ఫేస్‌బుక్‌కి మకాం మార్చాయి.

ఛందస్సు గురించి, పుస్తకం వేయించడం గురించి అడిగావు. తర్వాత చూద్దాం.

తీర్పు చెప్పేస్తే వచ్చే ఈ చిక్కు మెచ్చుకోలుతోనూ ఉంది. బీద పల్లె పాదిరిని చాసర్ నోరారా పొగిడాడు. వానైనా, పిడుగైనా, కర్ర పట్టుకుని దూరపు ఇళ్లకు నడిచి వెళ్తాడన్నాడు. మంచివాడే, కాదనను. కానీ ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలీదు. పిండిమర మనిషినైతే ఎక్కడ కనపడినా గుర్తుపడతాను. ముక్కు కొసన పులిపిరి, దాని మీద పందిచెవి వెంట్రుకల్లాంటి ఎర్ర కుచ్చు. అతని జోలికి నువ్వసలు పోలేదేం? ఒక పేజీ రాసి పంపు. పరుగెత్తుకొచ్చి తలతో గుద్ది తలుపు పగలగొడతాడన్నది వదిలేయకు.