థీసిస్‌కి శాంపిల్ ఎంత? ఆ 384 ఎక్కడిది?

ప్రశ్న: మెడిసిన్ పీజీ చేస్తున్నాను. షుగర్ పేషెంట్లలో పై బీపీ మీద వేటి ప్రభావం ఎంతో మల్టిపుల్ రిగ్రెషన్‌తో (చాలా అంశాల ప్రభావాన్ని ఒకేసారి లెక్కకట్టే పద్ధతి) చూడాలి. వయసు, బీఎమ్ఐ, ఉప్పు వాడకం, షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది, సిగరెట్ అలవాటు, చదువు, మొత్తం ఆరు. సీనియర్లేమో 384 రాసెయ్ అంటున్నారు. మా ఓపీలో అంతమంది దొరకరు, సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ 384 వేరే ప్రశ్నకి జవాబండీ. జనంలో ఎంత శాతం మందికి బీపీ ఉందో తెలియనప్పుడు 50 శాతం అనుకుని, అటూ ఇటూ 5 శాతం తేడాతో, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అంతమంది కావాలి. మీరు శాతం లెక్కపెట్టడం లేదు కదా.

ముందు ప్రెడిక్టర్లు (బీపీ మీద ప్రభావం చూపుతాయని మీరు తీసుకున్న అంశాలు) సరిగ్గా లెక్కపెట్టండి. చదువుని నాలుగు వర్గాలుగా (చదువు లేనివాళ్లు, స్కూలు, ఇంటర్, డిగ్రీ) తీసుకుంటే రిగ్రెషన్‌లో అది మూడు డమ్మీలుగా (ఒక వర్గాన్ని పోలికకి వదిలేసి, మిగతా ఒక్కోదానికీ అవును/కాదు అనే 1/0 అంశం) వెళ్తుంది, అంటే మీవి ఆరు కాదు, ఎనిమిది. చాలా థీసిస్‌లలో లెక్క తప్పేది ఇక్కడే.

గ్రీన్ అనే పరిశోధకుడు 1991లో చెప్పిన సులువు సూత్రం ప్రకారం మొత్తం మోడల్‌కి 50 + 8×8 = 114, ఒక్కో ప్రెడిక్టర్‌ని విడిగా పరీక్షించాలంటే 104 + 8 = 112. ఉచితంగా దొరికే జీ-పవర్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ స్క్వేర్ (ఎఫెక్ట్ సైజు, అంటే ప్రభావం ఎంత పెద్దదో చెప్పే సంఖ్య) 0.15, ఆల్ఫా (లేని ప్రభావం ఉందని పొరబడే అవకాశం) 0.05, పవర్ (ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం) 80 శాతం ఇస్తే 109 వస్తుంది.

కానీ 109 వచ్చింది కదా అని సంబరపడి ఆగిపోకండి, ఎందుకంటే ఆ 0.15 అంటే మీ ఎనిమిదీ కలిసి బీపీలో తేడాని 13 శాతం దాకా వివరిస్తాయని మీరు ముందే ఒప్పుకున్నట్టు. మీలాంటి పేషెంట్ల మీద వచ్చిన పాత పేపర్లలో ఆర్ స్క్వేర్ (అంటే ఆ వివరించే వాటానే) చూడండి. అది 0.05 మాత్రమే ఉంటే అవసరం 300కి దగ్గరగా వెళ్తుంది. మీకు అసలు కావాల్సింది ఉప్పు ఒక్కటే అయి, మిగతా ఏడూ సర్దాక దాని ప్రభావం చిన్నదే (ఎఫ్ స్క్వేర్ 0.02) అనుకుంటే దాదాపు 400 కావాలి, అప్పుడు మీ సీనియర్ల 384 కూడా చాలదు! మంది దొరకరని ఎఫెక్ట్ సైజుని పెంచి రాయొద్దు, దానికి బదులు ప్రెడిక్టర్లు తగ్గించుకోండి, లేదా ఇంకో సెంటర్‌ని కలుపుకోవచ్చేమో గైడ్ గారిని అడగండి.

పది శాతం ఫారాలు అసంపూర్ణంగా వస్తాయనుకుంటే 114ని 0.9తో భాగించండి, 127 వస్తుంది. సినాప్సిస్‌లో సంఖ్యతో పాటు ఎఫెక్ట్ సైజు, అది ఏ పేపర్ నుంచి తీసుకున్నారు, ఆల్ఫా, పవర్, ప్రెడిక్టర్లు ఎన్ని అన్నవి కూడా రాయండి, కమిటీ అడిగేది అవే.