అథ్లెటిక్ ట్రైనింగ్ అంటే జిమ్ చదువు కాదండీ

"మా అమ్మాయికి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయిపోయింది, అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్ మాస్టర్స్ చేస్తానంటోంది. ఆటగాళ్లతో కసరత్తులు చేయించడానికి యూనివర్సిటీ డిగ్రీ దేనికి?" అని మీరు అడిగారు. సరిగ్గా ఇదే మాట నేను బయల్దేరేటప్పుడు మా బాబాయి అన్నాడు. నేనూ గుంటూరులో బీపీటీ చేసి టెక్సస్‌లో ఈ కోర్సు చదివినదాన్నే.

కసరత్తులు చేయించేవాళ్లు వేరేవాళ్లండీ. ఆటగాళ్లకి దెబ్బ తగిలినా, ఒంట్లో బాగోకపోయినా మైదానంలోనే చూసుకోవడం మా పని. పేరులో ట్రైనింగ్ అనే మాట ఉండడమే ఈ చదువుకు పట్టిన శని. అమెరికాలో కూడా సగంమంది జిమ్ ట్రైనర్లనే అనుకుంటారు. ఇదేం చదువో మీకు అర్థం కావాలంటే ఒక్క రోజు సంగతి చెబుతాను.

మొదటి సంవత్సరం ఆగస్టు, నన్ను క్లినికల్స్‌కి, అంటే చేసి నేర్చుకునే శిక్షణకి, ఒక హైస్కూల్‌కి పంపారు. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీసు మొదలై నాలుగో రోజు. ఎండ మన రోహిణీ కార్తెలో లాగే ఉంది, పైగా పిల్లలకి హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు. మాకు పని నేర్పే ప్రిసెప్టర్ ఒకావిడ రోజూ పొద్దున్నే పశువులకు నీళ్లు పెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా నాచేత నీళ్లు పట్టించి మైదానం పక్కన నీడలో పెట్టించేవారు, నాలుగు కూలర్ల ఐస్ మోయించేవారు. సాయంత్రానికి అదంతా పారబోయడమే. నాకు లోపల విసుగ్గా ఉండేది.

ఆ రోజు పదిన్నరకి ఒక కుర్రాడు, నూట పది కిలోలుంటాడు, తూలి మోకాళ్ల మీద పడ్డాడు. పరుగెత్తుకెళ్లి పేరు అడిగితే నన్ను తోసేసి కోచ్‌ని బూతులు తిట్టాడు. ఒళ్లంతా చెమట కారిపోతోంది. వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిబారిపోతుందని మా నాయనమ్మ చెప్పగా విన్నాను, అందుకే ఇది నీరసమే అనుకుని నీళ్లు తాగించబోయాను. ప్రిసెప్టర్ సీసా లాగేసుకున్నారు. ఆటలో తగిలే వడదెబ్బకి చెమట ఆగక్కర్లేదు, మనిషి మాట తేడాగా రావడమే పెద్ద గుర్తు.

చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి, అప్పుడు నోట్లో, చంకలో, నుదుటి మీద పెట్టే థర్మామీటర్లు పనికిరావు. మలద్వారంలోంచి లోపలికి పంపే సన్నటి ప్రోబ్ ఒక్కటే నిజం చెబుతుంది. చుట్టూ తువ్వాళ్లు అడ్డం పట్టి పెట్టాం. 107.2 ఫారెన్‌హీట్. 105 దాటి మనిషికి మతి తప్పితే అరగంటలోపు ఆ వేడి దించాలి, ఆలస్యమైన కొద్దీ లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

ఐదుగురం కలిసి ఎత్తి ఐసు నీళ్లలో కూర్చోబెట్టాం. తల మునగకుండా చంకల కింద నుంచి తువ్వాలు వేసి ఒకతను వెనక నిలబడి పట్టుకున్నాడు. చేత్తో నీళ్లు కలుపుతూ ఉండడం నా పని, ఎందుకంటే కదలకపోతే ఒంటికి ఆనుకున్న నీళ్లు వేడెక్కి ఊరుకుంటాయి. తొమ్మిది నిమిషాలకి అంబులెన్స్ వచ్చింది, వెంటనే ఎక్కించమన్నారు. ఆవిడ కదల్లేదు. "ముందు చల్లార్చాలి, తర్వాతే తీసుకెళ్లాలి, ఇంకా 104 ఉంది" అని మీటరు చూపించారు. నా వేళ్లు స్పర్శ తెలియకుండా అయిపోయాయి. పదిహేనో నిమిషానికి 102కి దిగింది. అప్పుడు ఆ పిల్లాడు కళ్లు తిప్పి "నా బూట్లు ఎవరు విప్పారు?" అన్నాడు. మర్నాడు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయాడు.

2001లో మిన్నెసోటా వైకింగ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ ఇలాంటి ప్రాక్టీసులోనే వడదెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన పేరు మీద 2010లో కనెక్టికట్ యూనివర్సిటీలో ఒక సంస్థే పెట్టారు. మన దగ్గరో? నేను ఇంటర్‌లో కబడ్డీ ఆడేదాన్ని. ఒక టోర్నమెంట్‌లో మోకాలు తిరిగితే స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి మళ్లీ కోర్టులోకి పంపారు. ఇవాళ్టికీ మెట్లు దిగేటప్పుడు ఆ మోకాలు పట్టేస్తుంది. ఆ రోజు చదువుకున్న మనిషి ఒక్కరు ఉంటే నన్ను కూర్చోబెట్టేవారు. మే నెలలో మధ్యాహ్నం పూట పిల్లలకి టోర్నమెంట్లు పెడతారు, బహుమతులకి, ఫ్లెక్సీలకి డబ్బులుంటాయి గానీ ఒక తొట్టికి, ఐసుకి ఉండవు. దీనికి నాకు చాలా కోపం.

ఇక మీ అమ్మాయి సంగతి. మాస్టర్స్ ఎందుకంటే, 2015లోనే ఈ వృత్తికి అది తప్పనిసరి అని నిర్ణయించారు, 2022 తర్వాత బ్యాచిలర్స్‌లో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేశారు. రెండేళ్ల కోర్సు. సీఏఏటీఈ (ఈ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న చోటే చేరాలి, లేకపోతే బీఓసీ పరీక్ష, అంటే ఈ వృత్తికి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష, రాయనివ్వరు. ఇది స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సుల జాబితాలో లేదు, కాబట్టి చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి స్టూడెంట్ వీసా మీద ఇచ్చే అనుమతి, ఒక్క సంవత్సరమే. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మాత్రం పంపకండి, తర్వాత ఆ పిల్లని సాధించడం తప్ప మిగిలేదేమీ ఉండదు. ఆటలంటే ప్రాణం, ఎండలో నిలబడగలదు, గాభరా పడదు అనుకుంటే నిశ్చింతగా పంపండి.

ఇంకొకటి, బీపీటీలో అనాటమీ, ఫిజియాలజీ గట్టిగా ఉంటాయి గానీ చాలా యూనివర్సిటీలు కెమిస్ట్రీ క్రెడిట్లు విడిగా అడుగుతాయి. అప్లికేషన్ ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి కనుక్కోమనండి, నేను అడగక ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను.