ముల్లు ఎప్పుడు లేస్తోంది?

ఎండలు ముదరగానే నాకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. సంక్రాంతి రోజుల్లో "పొద్దున్నే స్టార్టు కావడం లేదు" అని రాసేవారే రోహిణి కార్తె దగ్గరపడేసరికి "బండి మరుగుతోంది" అని రాస్తారు. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. అన్నీ పాత బండ్లే. కొత్త బండ్లవారు నాకు రాయరు, కంపెనీ షెడ్డుకు వెళతారు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. 1986 నాటి అంబాసిడర్ పెట్రోలు బండి ఉంది. చీరాల ఊళ్లో ఎంత తిరిగినా ఇబ్బంది లేదు. ఒంగోలు వెళ్లడానికి 216 నంబరు జాతీయ రహదారి ఎక్కి డెబ్బై దాటితే పావుగంటలో వేడి ముల్లు ఎర్రగీత దాకా వస్తుంది. వేగం తగ్గిస్తే దిగుతుంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) తీసేశారు. రెండో ఆయన వాటర్ పంపు మార్చారు. మూడో ఆయన ఇంజన్ దింపాలంటున్నారు. ఇప్పటికి పదకొండు వేలు అయింది. దింపించమంటారా?
*– ఒక పాఠకుడు, చీరాల*

జవాబు: దింపించకండి మాస్టారూ. జబ్బు ఎక్కడుందో సగం మీరే రాశారు. ముగ్గురు మెకానిక్‌లూ బానెట్ ఎత్తారు కానీ, "ఎప్పుడు వేడెక్కుతోంది?" అని మిమ్మల్ని అడిగినట్టు లేదు. నలభై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో నేను స్పానర్ పట్టేముందు అడిగిన మొదటి మాట అదే.

బండి డెబ్బైలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ ఉన్నా లేకున్నా ఒకటే. ఊళ్లో నిదానంగా వెళ్లేటప్పుడే ఫ్యాన్ అవసరం. ఊళ్లో మీకు ఇబ్బంది లేదంటే ఫ్యాన్, బెల్టు బాగున్నట్టే. రోడ్డు మీద ఇంజన్ ఎక్కువ పని చేస్తుంది, ఎక్కువ వేడి పుడుతుంది. ఆ వేడిని మోసుకుపోవడానికి చాలినంత నీరు తిరగడం లేదు. అంటే నీటి దారిలో ఎక్కడో ఇరుకు ఉంది. దాన్ని వెతకడానికి ఇంజన్ దింపనక్కర్లేదు.

మొదట రేడియేటర్ అడుగు నుంచి పంపుకు వెళ్లే కింది హోస్ పైపు చూడండి. పంపు నీటిని పీల్చేది అందులోంచే. రబ్బరు పాతబడి మెత్తబడితే ఆ పీల్పుకు పైపు రెండు వైపులా అతుక్కుపోతుంది. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఇది కనిపించదు. గేరు వేయకుండా ఎవరినైనా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమని, మీరు పక్కన నిలబడి ఆ పైపునే చూడండి. ఫ్యాన్‌కు దూరంగా ఉండండి, కండువా ఉంటే తీసేయండి. పైపు చప్పిడి అయితే దొంగ దొరికినట్టే. లోపల స్ప్రింగు ఉన్న పైపు అడిగి వేయించండి.

పైపు బాగుంటే రేడియేటర్ దగ్గరకు రండి. ఇంజన్ వేడెక్కాక ఆపి, ముందు వైపు నుంచి కోర్ (సన్న గొట్టాలు, రేకులు ఉన్న మధ్య భాగం) మీద అరచేయి దగ్గరగా పెట్టి పైనుంచి కిందికి తెండి. వేడి కొద్దికొద్దిగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకచోట హఠాత్తుగా చల్లగా తగిలితే అక్కడి గొట్టాలు పూడిపోయాయి. మీది రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి పని ఉంది. టంకం కరిగించి పై ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో సన్నటి రాడ్డు దూర్చి శుభ్రం చేసేవారు పెద్ద ఊళ్లలో ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్లకు ఆ భాగ్యం లేదు, మార్చుకోవడమే. "యాసిడ్ పోసి కడిగేస్తాను, చవక" అనేవారికి మాత్రం బండి ఇవ్వకండి. అది తుప్పుతో ఆగదు, పలచటి గొట్టాన్నీ టంకాన్నీ కూడా తింటుంది. నెల తిరక్కుండా కారడం మొదలవుతుంది.

ఇక మీ ముగ్గురిలో ఒక్కరూ చూసి ఉండరని నా అనుమానం ఉన్న చోటు చెబుతాను. మీ బండిలో ఉన్నది 1489 సీసీ ఇంజన్, ఇంగ్లండు నుంచి వచ్చిన పాత నమూనా. బ్లాకూ (సిలిండర్లున్న దిమ్మ) హెడ్డూ (దాని పై మూత) రెండూ పోత ఇనుమే. ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు నీటిలో తిరిగి తిరిగి చివరికి వెనక సిలిండర్ చుట్టూ అడుగుకు చేరి గట్టిపడుతుంది. బ్లాకు పక్కన వెనక వైపు నీళ్లు వదిలే చిన్న కుళాయి ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక దాన్ని తిప్పండి. నీరు ధారగా రావాలి.

1989లో మచిలీపట్నం టాక్సీ ఒకటి ఇదే రోగంతో నా షెడ్డుకు వచ్చింది. యజమాని అప్పటికే రేడియేటర్ మార్చాడు. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. కుళాయి ఊడదీసి రంధ్రంలో సైకిలు స్పోకు దూర్చి పొడిచాను. ముందు ముద్దలు ముద్దలుగా ఎర్రమట్టిలాంటిది వచ్చింది, ఆ తరవాత నల్లటి ఒండ్రు. "నీళ్లు ఎక్కడ పోస్తావు?" అని డ్రైవర్‌ను అడిగితే బందరు కాలువ వైపు చెయ్యి చూపించాడు! కృష్ణమ్మ సగం బ్లాకులోనే ఉంది. థర్మోస్టాట్ గూడు విప్పి, పైనుంచి గొట్టంతో నీరు పట్టి, కుళాయి రంధ్రంలోంచి తేటగా వచ్చేదాకా రెండు గంటలు కడిగాం. ఆ బండికి అయిన ఖర్చు గ్యాస్కెట్ కాగితం, కూలి. మీరూ రేడియేటర్ మీద డబ్బు పెట్టేముందు ఆ కుళాయి తిప్పించండి.

మరొకటి. ఈ మధ్య పాయింట్లు (స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్టులు) మార్పించారా? డిస్ట్రిబ్యూటర్ కాస్త జరిగి స్పార్కు ఆలస్యంగా పడుతుంటే మంట సైలెన్సర్ దారిలో కూడా మండుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. వేడితోపాటు లాగుడు కూడా తగ్గి ఉంటే టైమింగ్ చూపించండి, పది నిమిషాల పని.

తీసేసిన థర్మోస్టాట్‌ను మాత్రం మళ్లీ పెట్టించండి. మూసుకుని బిగుసుకుపోయిన వాల్వ్ ఇంజన్‌ను మరిగిస్తుంది, నిజమే. దానికి మందు కొత్త వాల్వ్. అసలే లేకపోతే ఇంజన్ వేడెక్కవలసినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. పైగా అసలు లోపం ఊళ్లో తిరిగినంతకాలం దాక్కుంటుంది. మన షెడ్లలో ఇది అలవాటుగా మారింది, నాకు మహా చిరాకు. కొత్తది కొన్నాక దాని మీద ఎంత డిగ్రీలని ముద్ర ఉందో చూడండి, 82 ఉందనుకుందాం. గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. ప్రయోగశాల థర్మామీటరు మీకు కొత్త కాదు కదా. ఆ అంకెకు అటూ ఇటూగా నోరు తెరవడం మొదలుపెట్టి, నీరు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారితే మూసుకోవాలి.

ప్రశ్న: మాది వరంగల్, ఏనుమాముల మార్కెట్ దగ్గర. 1999 మారుతి 800, ఏసీ ఉంది. హైదరాబాద్ దాకా నిక్షేపంగా వెళుతుంది. ఉప్పల్ దాటి ట్రాఫిక్‌లో ఆగితే ముల్లు లేస్తుంది, ఏసీ వేస్తే మరీ. రేడియేటర్ మార్చాలన్నారు. మార్చేశాం కూడా. తేడా లేదు.
*– ఒక బ్యాంకు ఉద్యోగిని, వరంగల్*

జవాబు: మీది చీరాల మాస్టారి బండికి సరిగ్గా తలకిందులు అమ్మా. రోడ్డు మీద బాగుండి, ఆగితే మరుగుతోందంటే లోపం గాలిది. నీటిది కాదు. రేడియేటర్ మార్చకుండా ఉండవలసింది.

మీ బండిలో ఫ్యాన్ కరెంటు మోటారుతో తిరుగుతుంది. నీరు వేడెక్కితే ఒక స్విచ్ దాన్ని నడిపిస్తుంది. ఇంటి ముందు బండి నిలిపి, ఏసీ ఆపేసి, ఇంజన్ నడుస్తుండగా చూడండి. ముల్లు సగం దాటి పైకి పోతున్నా ఫ్యాన్ తిరగకపోతే వెంటనే ఇంజన్ ఆపేసి ఫ్యూజు చూడండి. అది బాగుంటే మెకానిక్ చేత మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి. తిరగకపోతే మోటారు పోయింది. తిరిగితే స్విచ్ దగ్గర వైర్లు ఊడదీసి ముక్క తీగతో కలపమనండి. అప్పుడు తిరిగితే స్విచ్ పోయినట్టు, తిరగకపోతే రిలే లేదా వైరింగ్. ఈ వరసలో వెళితే ఏ భాగమూ ఊరికే కొనక్కర్లేదు.

ఫ్యాన్ తిరుగుతూ ఉన్నా సంతోషపడకండి. రేడియేటర్ మార్చినప్పుడు వైర్లు తారుమారుగా కలిపితే అది వెనక్కి తిరుగుతుంది. గాలిని లోపలికి లాగవలసింది పోయి బయటికి తోస్తుంది. దినపత్రికలో ఒక కాగితం చింపి గ్రిల్లు ముందు పట్టండి. అతుక్కుంటే సరే. ఎగిరి మీ మీదికి వస్తే రెండు వైర్లు మార్చి కలపడమే వైద్యం. ఇది జోక్ కాదు, ఏటా ఒకటో రెండో ఇలాంటివి చూస్తాను.

మీ చిరునామా చదవగానే నాకు తట్టింది ఇంకొకటి. మీది పత్తి మార్కెట్ పక్క ఇల్లు. ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం) రేడియేటర్ ముందు నిలబడి ఉంటుంది. రెండింటి మధ్య సందులో పత్తి పింజలు, దుమ్ము చేరి దుప్పటిలా పరుచుకుంటాయి. బయటినుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. రేడియేటర్ మార్చినవారు ఆ సందు కడిగారో లేదో అడగండి. నీటి గొట్టాన్ని ఇంజన్ వైపు నుంచి ముందుకు పట్టాలి, అదీ మెల్లగా. సర్వీసింగ్ స్టేషన్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులన్నీ వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

ప్రశ్న: 2003 మారుతి 800. వారానికి అర లీటరు నీరు తగ్గుతోంది. కింద ఒక్క చుక్క పడటం లేదు. నీరు ఎటు పోతోంది?
*– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, తణుకు*

జవాబు: బాబూ, ముందు చవకైన అనుమానం తీర్చుకో. రేడియేటర్ మూతకున్న రబ్బరు బిగుసుకుపోయిందేమో చూడు. ఆ మూత పని కేవలం మూయడం కాదు, ఒత్తిడి నిలపడం. దాని మీద 0.9 అని ఉంటే, ఆ ఒత్తిడి నిలిచినంతకాలం మామూలు నీరు కూడా 118 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు చెడితే నూరు దగ్గరే మరిగి, పక్క డబ్బాలోకి పొంగి, ఆవిరై పోతుంది.

తరవాత వాటర్ పంపు. దాని అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పాడైతే అందులోంచి చెమ్మ వస్తుంది. వేడి ఇంజన్ మీద అది నేల దాకా రాకముందే ఆరిపోతుంది, తెల్లటి చారికో తుప్పు చారికో మిగులుతుంది. హీటర్ ఉంటే డాష్‌బోర్డు కింద కార్పెట్ తడిమి చూడు.

ఇవేవీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే బ్లాకుకూ హెడ్డుకూ మధ్య బిగించే పలచటి పొర. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను పొద్దున స్టార్ట్ చేసి పై హోస్ పైపు పట్టుకో. నీరు ఇంకా వేడెక్కకుండానే నిమిషం రెండు నిమిషాల్లో పైపు రాయిలా గట్టిపడితే సిలిండర్‌లోని ఒత్తిడి నీటిలోకి వస్తోంది. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తాయి. ఇంజన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లటి పొగ వస్తుంటే ఇంకేమీ అడగక్కర్లేదు. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురుగు కనిపిస్తే మాత్రం కంగారు పడకు. దగ్గర దగ్గర ప్రయాణాలకు చలికాలంలో మామూలు బండ్లకూ వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా అలాగే ఉంటేనే భయం.

గ్యాస్కెట్ మార్చేటప్పుడు హెడ్డును చూడకుండా బిగించనివ్వకు. నీ బండి హెడ్డు అల్యూమినియం, ఒకసారి బాగా కాగితే వంగుతుంది. దాని ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూస్తారు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మించి సందు ఉంటే లేతులో ఫేసింగ్ చేయించాలి. అది మానేసి ఎన్ని గ్యాస్కెట్లు వేసినా ఆర్నెల్లకోసారి నాకు ఉత్తరం రాస్తూనే ఉంటావు.

ప్రశ్న: రేడియేటర్ కారితే పసుపు వేస్తే ఆగుతుందంటారు, నిజమేనా? బోరు నీరు పోయవచ్చా? మాకు మంచు కురవదు కదా, కూలెంట్ ఎందుకు?
*– ఒక డ్రైవర్, నల్లగొండ*

జవాబు: పసుపు సంగతి నిజమే, నేనూ వేశాను. సన్నటి చిల్లులో ఆ పొడి ఉబ్బి ఇరుక్కుంటుంది. అయితే దానికి ఏది చిల్లో, ఏది గొట్టమో తెలియదు. ఇల్లు చేరాక రెండుసార్లు కడిగించి, చిల్లుకు టంకం పెట్టించండి. అలాగే వదిలేస్తే చీరాల మాస్టారి కథ మీకూ మొదలవుతుంది.

బోరు నీరు వద్దు. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు చూడండి, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొనండి.

మంచు మాటకొస్తే, లంబసింగిలో కాపురం ఉంటే తప్ప మనకు గడ్డకట్టే భయం లేదు. కూలెంట్ మనకు కావలసింది తుప్పు ఆపడానికి, మరుగు కాస్త పైకి జరపడానికి, పంపు సీలు ఎండిపోకుండా ఉండటానికి. డబ్బా మీద కలిపి వాడమని ఉందో, నేరుగా పోయమని ఉందో చదవండి. రెండు రకాల కూలెంట్లు ఒకదానిలో ఒకటి పోయకండి. కొన్ని కలిస్తే జిగురవుతాయి.

మీరు అడగకపోయినా డ్రైవర్ కాబట్టి చెబుతున్నాను. కుర్రతనంలో దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో మరిగిన బండి మూతను తువ్వాలు చుట్టి తిప్పాను. ఒత్తిడి పోయిన క్షణంలో నూరు డిగ్రీలు దాటిన నీరు ఒక్కసారిగా ఆవిరై లేచింది. కుడి ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ముల్లు లేస్తే ఏసీ ఆపండి, హీటర్ ఉంటే పూర్తిగా వేయండి, అది కూడా చిన్న రేడియేటరే. నీడ చూసి ఆపండి. అరగంట పైనే ఆగి, పై పైపు చేత్తో నొక్కితే మెత్తగా లొంగినప్పుడే మూత ముట్టుకోండి. నీరు కొద్దికొద్దిగా, ఇంజన్ నడుస్తుండగా పోయండి. కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే హెడ్డు పగలవచ్చు.