హాలోవీన్ గుడ్లకి సాలీళ్ల కంటే ముందు పెంకు సంగతి

చి. సౌ. సింధుకి పెద్దమ్మ ఆశీస్సులు.

హాలోవీన్ పార్టీకి సాలీడు డెవిల్డ్ ఎగ్స్ (ఉడికిన గుడ్డుని రెండు చెక్కలు చేసి, పచ్చసొన తీసి ముద్దగా కలిపి మళ్లీ నింపేవి) చేస్తున్నానని, ఆలివ్ ముక్కలు ఎలా కొయ్యాలో చెప్పమని అడిగావు. అది అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఈ వంటకం చెడేది వేరే చోట. పెంకుతో పాటు తెల్లసొన చెక్కలు చెక్కలుగా ఊడొచ్చి, లోపలి ముద్ద జారుగా అయిపోయి, ప్లేటులో నీరు దిగిందంటే ఎన్ని సాలీళ్లు పెట్టినా చూడబుద్ధి కాదు. అందుకే ముందు గుడ్డు సంగతి.

పాతికమంది అన్నావు కదా, 18 గుడ్లకి 36 చెక్కలు వస్తాయి, వేరే తిండి కూడా ఉంటుంది కాబట్టి సరిపోతాయి. ఉడికించడం మాత్రం 20 ఉడికించు, ఒకటి రెండు పగలకుండా ఉండవు. లార్జ్ సైజు చాలు, జంబో అయితే పిల్లల నోట్లో పట్టదు. వారం పది రోజుల ముందే కొని ఫ్రిజ్‌లో పడెయ్. మరీ తాజా గుడ్డుకి పెంకు సరిగ్గా రాదు. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్న రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, లోపలి పొరని అంత గట్టిగా పట్టుకోదు. ఉడికించే ముందు రాత్రి అట్టపెట్టెకి టేపు వేసి పక్కకి తిప్పి పెట్టు. పచ్చసొన నడుమకి వస్తుంది. లేకపోతే ఓ పక్కకి చేరి, ఆ వైపు గోడ పల్చనై, ముద్ద నింపగానే చిరుగుతుంది.

చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి వెలిగించే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. నీళ్లు తెర్లుతున్నప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లని జల్లి గరిటతో ఒక్కొక్కటే దించు. వేడి ఒక్కసారిగా తగిలి తెల్లసొన పైపొర గబుక్కున గట్టిపడుతుంది, పొరకి అంటుకోదు. ఒక గిన్నెలో పదికి మించి వెయ్యకు, నీళ్ల మరుగు ఆగిపోతే ఈ లాభం పోతుంది. మంట తగ్గించి, సన్నగా మరుగుతుండగా 12 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో 15 నిమిషాలు వదిలెయ్. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లో అయితే నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) ఉంటే ఇంకా మేలు: కింద ఒక కప్పు నీళ్లు, స్టాండు మీద గుడ్లు, హై ప్రెషర్‌లో 5 నిమిషాలు, అయ్యాక 5 నిమిషాలు ముట్టకుండా ఉంచి ఆవిరి వదిలి, ఆ తర్వాత ఐసు నీళ్లు.

ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ బూడిదరంగు పట్టీ కడుతుంది. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోంచి వచ్చే గంధకం కలవడం వల్ల అది. తింటే ఏమీ కాదు గానీ, ముద్ద రంగు మురిగ్గా మారుతుంది, వాసన కూడా వేస్తుంది. దయ్యాల పండగే కదా అని సరిపెట్టుకోవద్దు, వాసన దాచలేం.

ఒలిచేటప్పుడు మొద్దు కొస వైపు నుంచి మొదలుపెట్టు, అక్కడ గాలి గది ఉంటుంది కాబట్టి పొర కింద వేలు తేలిగ్గా దూరుతుంది. కుళాయి సన్నధార కింద పట్టుకుంటే పెంకు రవ్వలు కొట్టుకుపోతాయి.

నరాలు తేలిన గుడ్లు కావాలంటే ఒలిచే ముందే పని మొదలవుతుంది. చెంచా వెనుకవైపుతో పెంకు మీద చుట్టూ చిన్నగా తట్టు. పగుళ్లు పడాలి, పెంకు ఊడకూడదు. రెండు కప్పుల నీళ్లలో అర చెంచా నల్ల జెల్ రంగు (వంటల్లో వేసేది) కలిపి, మునిగేలా వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచు. పగులు ఉన్నచోటల్లా రంగు దిగి సాలెగూడు గీతలు పడతాయి. బ్లూబెర్రీ రసం బాగుంటుందని ఎవరైనా చెప్తారు, దిగేది మబ్బు మబ్బుగా ఉంటుంది, ఒక్కో గుడ్డుకి ఒక్కో రంగు. నల్ల జెల్ నమ్ముకో. ఒక్క సంగతి: ఈ గుడ్లని నిలువునా కోసి పడుకోబెడితే గీతలన్నీ ప్లేటు వైపుకి పోతాయి, ఎవరికీ కనపడవు. అడ్డంగా కోసి, రెండు కొసలా పల్చగా చెక్కి నిలబెట్టు. అన్నీ ఇలా చెయ్యక్కర్లేదు, ఆరు గుడ్లకి చాలు.

ముద్దకి 18 పచ్చసొనలని సన్న జల్లెడలో చెంచాతో రుద్ది దించు. ఫోర్కుతో నలిపితే ఉండలు మిగిలి, ముద్ద పిండే సంచి మూతి దగ్గర అడ్డుపడతాయి. ముందు 6 టేబుల్ స్పూన్ల మయోనైజ్, 1 టేబుల్ స్పూన్ డిజాన్ ఆవ ముద్ద, 2 టీ స్పూన్ల నిమ్మరసం, అర టీ స్పూను ఉప్పు, అర టీ స్పూను మిరియాల పొడి, 1 టీ స్పూను కాశ్మీరీ కారం కలుపు. ఆ కారం రంగుకే, ఘాటు పెద్దగా ఉండదు. గుంటూరు కారం వేస్తే పిల్లలు ఒక్కటి కొరికి వదిలేస్తారు. పెద్దవాళ్ల సగం విడిగా తీసి దానికి సన్నగా తరిగిన పచ్చిమిర్చి కలుపుకో. గట్టిగా ఉందనిపిస్తే మయోనైజ్ ఒక్కో చెంచా పెంచు, మొత్తం 9 దాటకూడదు. చెంచా తిరగేస్తే ముద్ద కింద పడకూడదు, అదే గుర్తు. ఆలివ్ ఉప్పగా ఉంటుంది, కాబట్టి రుచి చూసి ఉప్పు కాస్త తక్కువగానే వదిలెయ్. ఆకుపచ్చ దయ్యం ముద్ద అని అవకాడో కలపొద్దు. నిమ్మరసం ఎంత పిండినా సాయంత్రానికి గోధుమరంగుకి తిరుగుతుంది. ఆకుపచ్చ రంగే కావాలంటే ఒక చుక్క జెల్ రంగు చాలు.

ఖాళీ చెక్కల మీద ఉప్పు చల్లే అలవాటుంటే మానుకో. ఉప్పు నీళ్లు లాగుతుంది, ప్లేటులో మడుగు అక్కణ్ణుంచే. పేపర్ టవల్ మీద బోర్లించి పది నిమిషాలు ఆరనివ్వు. ముద్దని జిప్ సంచిలో నింపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మూల ఒక సెంటీమీటరు కత్తిరించి పిండు.

ఇక సాలీడు. గింజ తీసిన నల్ల ఆలివ్‌లు డబ్బాలోంచి తీసి బాగా తుడిచి ఆరబెట్టు, లేకపోతే నల్లనీళ్లు పచ్చముద్దలోకి దిగుతాయి. ఒక ఆలివ్‌ని నిలువునా రెండు చేసి ఒక సగం ఒంటికి పెట్టు. రెండో సగాన్ని అడ్డంగా సన్నగా కోస్తే వంకర కాళ్లు వస్తాయి. అటు నాలుగు, ఇటు నాలుగు. ఆరు కాళ్లు పెడితే పిల్లలు ముందు అదే లెక్కపెడతారు. కాళ్లు ముందు గుచ్చి, ఒళ్లు తర్వాత నొక్కు. 20 సాలీళ్లకి 25 ఆలివ్‌లు తెరువు.

కనుగుడ్డు ఇంకా తేలిక: ఎర్ర మిరప కూరిన పచ్చ ఆలివ్‌ని అడ్డంగా కోసిన చక్రం ముద్ద మధ్య పెట్టి, పక్కన తెల్లటి అంచు మీద ఎర్ర జెల్ రంగుని టూత్‌పిక్‌తో గీతలు గియ్యి. తెల్లసొన తడిగా ఉంటే రంగు పాకి గులాబీ మరకవుతుంది, అందుకే ఇది వడ్డించడానికి అరగంట ముందే చెయ్యి. ఆలివ్ పడని పిల్లలకి గుమ్మడికాయలు: ముద్దలో ఇంకాస్త కాశ్మీరీ కారం వేసి, గుండ్రంగా పిండి, టూత్‌పిక్‌తో గాడులు గీసి, ఉల్లికాడ ముక్క తొడిమలా గుచ్చు. పని అవగానే టూత్‌పిక్‌లు లెక్క చూసుకో, ఒక్కటి కూడా గుడ్డులో మిగలకూడదు.

2026లో అక్టోబర్ 31 శనివారం. మీ వాళ్లలో శనివారం గుడ్డు ముట్టనివాళ్లు ఉండకపోరు. 2025లో అయితే కార్తీకమాసంలోనే పడింది, తేదీ మారుతూనే ఉంటుంది, ఏటా పంచాంగం చూసుకో. వాళ్లకోసం డజను బేబీ పొటాటోలు ఉప్పునీళ్లలో ఉడికించి, సగాలు చేసి, అర సెంటీమీటరు గోడ ఉండేలా చిన్న చెంచాతో తవ్వు. తవ్విన ముద్దలో వడగట్టిన పెరుగు 4 చెంచాలు, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి నింపి, అవే సాలీళ్లు పెట్టు. మామూలు మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది, అది ఇందులో పడకూడదు. కత్తి, చెంచా, ప్లేటు వేరు, చీటీ రాసి పెట్టు. గుడ్డు, ఆవాలు పడని పిల్లలెవరైనా ఉన్నారేమో వాళ్ల అమ్మల్ని ముందే అడుగు.

గురువారం ఉడికించి పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టు. శుక్రవారం మామూలు గుడ్లు ఒలిచి మూత డబ్బాలో సర్దు. రంగు నీళ్లలో వేసేవి ఆ రాత్రికే వేసి, శనివారం పొద్దున ఒలిచి, పచ్చసొనలన్నీ కలిపి ముద్ద చేసి సంచిలో నింపు. పిండటం, అలంకరణ సాయంత్రమే. వేరే ఇంటికి తీసుకెళ్లాలంటే సంచి, ఖాళీ చెక్కలు ఐసు డబ్బాలో విడిగా తీసుకెళ్లి అక్కడే పిండు. కారులో నింపిన గుడ్లు ఒకదాని మీద ఒకటి జారి సాలీళ్లన్నీ మూతకి అంటుకుంటాయి.

బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. సగం ప్లేటు బయట, సగం ఫ్రిజ్‌లో ఉంచి, ఖాళీ అయ్యాక మార్చు. రెండు గంటలు దాటి మిగిలినవి మొహమాటపడకుండా పారెయ్. ఫ్రిజ్‌లో ఉన్నవాటిని మర్నాడు మెదిపి బ్రెడ్ మధ్య పెట్టుకోవచ్చు, ఆలివ్‌తో సహా.

పెద్దమ్మ