కూరలో కలిపే మాత్ర వద్దమ్మా

ప్రశ్న: మా ఆయన రోజూ రెండు క్వార్టర్లు తాగుతారు. సంక్రాంతికి ఇంట్లోనే మానేశారు. మర్నాడు చేతులు వణికాయి. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని ఒకటే గోల. గాలి సోకిందన్నారు. భయపడి నేనే మళ్లీ తెప్పించి పోశాను. తెలియకుండా కూరలో కలిపే మాత్ర ఉందంటున్నారు. మందు మాన్పించే సెంటర్లో పెడితే కట్టేసి కొడతారని మా అత్తగారి భయం. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, చీపురుపల్లి

జవాబు: అది గాలి సోకడం కాదమ్మా. రోజూ మద్యం పడ్డ మెదడుకి అది ఒక్కసారిగా ఆగితే పట్టు తప్పుతుంది. 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, 48 గంటల లోపు ఫిట్స్, ఆ తరవాత రెండు రోజుల్లో ఈ పురుగుల దశ. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే ఇంట్లో ఆపించకండి.

విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఆఖరిసారి ఎప్పుడు, ఎంత తాగారో దాచకండి, వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే మాత్రల మోతాదు దాన్నిబట్టే. సాధారణంగా క్లోర్‌డయజెపాక్సైడ్, లివరు చెడితే లోరాజెపామ్ ఇచ్చి, వారంలో తగ్గిస్తూ ఆపేస్తారు. థయమిన్, అంటే విటమిన్ బి1, ఇంజక్షన్ కూడా ఇస్తారు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు ఎక్కించడం మన దగ్గర మామూలు. బి1 అడుగంటిన ఒంటికి అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజే ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు: చూపు నిలవదు, నడక తూలుతుంది, జ్ఞాపకం పోతుంది.

కూరలో కలిపేది ఎక్కువగా డైసల్ఫిరామ్. ఒంట్లో అదుండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తెలిసి ఒప్పుకుని, లివరు పరీక్ష చేయించుకుని, తాగి కనీసం 12 గంటలు గడిచాక మొదలుపెట్టేవారికి మంచి మందే. తెలియకుండా పెట్టారా, ఆయన సాయంత్రం మామూలుగానే తాగుతారు, మీరు 108కి ఫోన్ చేసుకోవాలి.

మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రైవేటు సెంటరైతే రిజిస్ట్రేషన్ కాగితం చూపమనండి. అర్ధరాత్రి ఫిట్స్ వస్తే చూసే డాక్టరెవరో అడగండి. నెలంతా మనిషిని మీకు చూపించేది లేదంటే ఆ గడప తొక్కకండి.

వారానికి వణుకు తగ్గి ఆకలేస్తుంది. ‘‘నాకు నయమైపోయింది, పోదాం పద’’ అంటారు. చాలామంది ఇంటివాళ్లు సంచి సర్దేసేది అప్పుడే. కౌన్సెలింగ్, కోరిక తగ్గించే మాత్రలు నెలల తరబడి సాగాలి. మధ్యలో ఒకరోజు తాగితే డబ్బు దండగైందని తిట్టకుండా ఆ వారమే ఓపీలో చూపించండి.

తాగుడు, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఉచితంగా ఫోన్ చెయ్యచ్చు. ఆయన రానన్నా, మీరొక్కరే మాట్లాడచ్చు.